ఆ యూనివర్సిటీ విలువలు మీ జీవితంలో ఎక్కడున్నాయి? అప్లికేషన్ ఎస్సే రాసేవాళ్లకు మెట్టు మెట్టుగా

మనకు ఈ ప్రశ్న అలవాటు లేదు. ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) అయినా జేఈఈ అయినా ర్యాంకు చూస్తారు, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకుంటాం, సీటొస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు. మధ్యలో ఎవరూ పిలిచి "మా కాలేజీ ఫలానా విలువను నమ్ముతుంది, అది నీ బతుకులో ఎలా కనిపిస్తుందో చెప్పు" అని అడగరు. ఆంధ్రా యూనివర్సిటీ చిహ్నం మీద "తేజస్వి నావధీతమస్తు" అని ఉంటుంది, ఉస్మానియా చిహ్నం మీద "తమసోమా జ్యోతిర్గమయ" అని ఉంటుంది. అక్కడ చదువుకున్నవాళ్లలో చాలామందికి ఆ మాటలు సర్టిఫికెట్ మీద డిజైన్ లాంటివే, ఎందుకంటే అడ్మిషన్‌కీ వాటికీ ఏ సంబంధమూ లేదు.

అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసేటప్పుడు మాత్రం ఇది తప్పించుకోలేని ప్రశ్న. వర్జీనియా రాష్ట్రంలో యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో పన్నెండో తరగతి పిల్లలున్న ఇంటికి ఆగస్టు తర్వాత వెళ్లి చూడండి, వర్జీనియా టెక్ ఎస్సేల గురించి టెన్షన్ పడని ఇల్లు ఉండదు. కామన్ యాప్ (చాలా అమెరికా యూనివర్సిటీలకి ఒకే ఫారంతో అప్లై చేసే వెబ్‌సైట్) ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది, అప్పటి నుంచే "సేవ గురించి ఏం రాయాలి, మనవాడు ఏం చేశాడు" అన్న వెతుకులాట మొదలవుతుంది. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఇంటర్ చదువుతూ అప్లై చేసేవాళ్లది ఇంకో రకం బాధ: రెండేళ్లు హాస్టల్లో ఉన్నాం, మేం చేసింది చదవడం ఒక్కటే కదా, మాకు విలువలు ఎక్కడి నుంచి వస్తాయి అని.

నేను చెప్పేది ఒక్కటే, మిగతాదంతా దాని వివరమే. విలువ దగ్గర మొదలుపెట్టి దానికి సరిపోయే సంఘటన కోసం జీవితాన్ని తవ్వితే అబద్ధం బయటికొస్తుంది. జీవితం దగ్గర మొదలుపెట్టండి. సర్టిఫికెట్ రాదని తెలిసీ, టైమో డబ్బో సరదానో పోతుందని తెలిసీ మీరు మళ్లీ మళ్లీ చేసిన పని ఏమిటో చూసుకోండి, దాన్ని పట్టుకుని యూనివర్సిటీ వైపు నడవండి.

మొదటి మెట్టు: ధ్యేయవాక్యంతో ఆగకండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చదవండి

వర్జీనియా టెక్ ధ్యేయవాక్యం "ఉట్ ప్రోసిమ్". లాటిన్ మాట, సేవ చేయడం కోసం అని అర్థం. ఇంతవరకు చదివి చాలామంది ఆగిపోతారు, వెంటనే అన్నదానం గుర్తొస్తుంది, ఎస్సే మొదలైపోతుంది. ఆగండి. ఆ యూనివర్సిటీ 1872లో వ్యవసాయ, మెకానికల్ కాలేజీగా పుట్టింది. 1862 నాటి మోరిల్ చట్టం కింద వచ్చిన ల్యాండ్ గ్రాంట్ సంస్థ అది, అంటే మామూలు జనానికి, రైతుకి, పనివాడికి పనికొచ్చే చదువు చెప్పాలన్న ఉద్దేశంతో పెట్టినది. ధ్యేయవాక్యం 1896లో వచ్చింది. బ్లాక్స్‌బర్గ్ ఊళ్లో ఉన్న వాళ్ల క్యాంపస్‌లో వార్ మెమోరియల్ దగ్గర ఎనిమిది స్తంభాలు నిలబడి ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో పేరు: సోదరభావం, గౌరవం, నాయకత్వం, త్యాగం, సేవ, విధేయత, కర్తవ్యం, చివరిది ఉట్ ప్రోసిమ్. అక్కడ చదివి యుద్ధాల్లో చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టినవి అవి. సేవకి అక్కడ రెండు వేర్లున్నాయన్నమాట: ఒకటి రైతు పొలందాకా వెళ్లి చదువుని పనికొచ్చేలా చేయడం, రెండోది సైనికుడి కర్తవ్యం. పైనుంచి కిందికి చేసే దానధర్మం ఈ రెండింటిలోనూ లేదు. ఇది తెలిశాక మీ దగ్గరున్న పది సంఘటనల్లో ఏది పనికొస్తుందో మీకే తెలిసిపోతుంది.

ఈ ల్యాండ్ గ్రాంట్ సంగతి మనకు అంత దూరమేమీ కాదు. 1964లో రాజేంద్రనగర్‌లో మొదలైన మన వ్యవసాయ విశ్వవిద్యాలయం కూడా ఈ అమెరికా నమూనా చూసి పెట్టిందే. మీ తాతగారు ఎప్పుడైనా వ్యవసాయాధికారి మాట విని కొత్త వంగడం వేసి ఉంటే, ఆ ఆలోచన మీ ఇంటి గుమ్మందాకా వచ్చిందనే లెక్క.

ప్రిన్స్‌టన్ సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అదే 1896లో ఆ కాలేజీ 150 ఏళ్ల పండుగలో తర్వాత అమెరికా అధ్యక్షుడైన వుడ్రో విల్సన్ "దేశసేవలో ప్రిన్స్‌టన్" అని ప్రసంగించాడు, అదే వాళ్ల అనధికార నినాదమైంది. 1996లో దానికి "సకల దేశాల సేవలో" అన్నది కలిపారు, 2016లో దాన్ని మళ్లీ "మానవాళి సేవలో" అని మార్చారు. 2020లో జాతి వివక్ష విధానాల కారణంగా విల్సన్ పేరునే తమ పబ్లిక్ పాలసీ స్కూలు నుంచి తీసేశారు. అంటే సేవ ఎవరికి అన్న ప్రశ్నను ఆ యూనివర్సిటీ తనకు తానే వేసుకుని దిద్దుకుంటూ వచ్చింది. సేవ, పౌర బాధ్యత అనే ఆదర్శాలతో మీ కథ ఎక్కడ కలుస్తుందో చెప్పమని 250 పదాల్లో వాళ్లు అడుగుతూ వచ్చిన ప్రశ్న వెనకాల ఇంత ఉంది. మీరు కూడా "నేను ఎవరికి చేస్తున్నాను, ఎవరిని వదిలేస్తున్నాను" అని ఆలోచించినవాళ్లైతే అది చెప్పడానికి ఇదే చోటు.

జార్జ్‌టౌన్, బోస్టన్ కాలేజ్, ఫోర్డమ్ లాంటి జెస్యూట్ (ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం) సంస్థలకి అప్లై చేసేవాళ్లకి "ఇతరుల కోసం బతికే మనుషులు" అన్న మాట ప్రతి పేజీలో తగులుతుంది. 1973లో స్పెయిన్‌లోని వాలెన్సియాలో అప్పటి జెస్యూట్ల అధిపతి పెద్రో అరూపే తమ పూర్వ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం నుంచి వచ్చింది అది. న్యాయం కోసం నిలబడేలా మిమ్మల్ని మేం చదివించామా అని తనే అడిగి, లేదు అని తనే ఒప్పుకున్నాడాయన. జెస్యూట్లే నడిపే ఆంధ్రా లయోలాలో చదివినవాళ్లకి ఈ సంప్రదాయం ఎంతో కొంత తెలిసే ఉంటుంది, ఇంట్లో అలాంటి బాబాయో మేనమామో ఉంటే ఒకసారి కూర్చోబెట్టి అడగండి, వెబ్‌సైట్ కంటే ఎక్కువ చెప్తారు.

ఒక జాగ్రత్త. ఈ చరిత్రను ఎస్సేలో ఎక్కించకండి. వాళ్ల చరిత్ర వాళ్లకి తెలుసు. 120 పదాల ఎస్సేలో 40 పదాలు "1872లో స్థాపించబడిన మీ ప్రతిష్ఠాత్మక సంస్థ" అని వృథా చేసినవాళ్లు మిగతా 80 పదాల్లో ఏం చెప్పగలరు? ఇదంతా మీరు ఏరుకోవడానికి, వాళ్లకి అప్పజెప్పడానికి కాదు.

రెండో మెట్టు: చిట్టా రాయండి, విలువల పేర్లు ఎత్తకుండా

ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఫోన్‌లో వద్దు, ఫోన్‌లో రాస్తే పోస్టులాగే వస్తుంది. నాయకత్వం, కరుణ, అంకితభావం, ప్యాషన్ అన్న మాటలు ఇందులో నిషేధం. పనులు మాత్రమే రాయాలి: ఎవరు, ఎక్కడ, ఏం చేశారు, ఎన్నాళ్లు. ఎవరూ చెప్పకపోయినా నేను చేసే పని ఏది? ఇంట్లోగానీ ఫ్రెండ్స్‌లోగానీ ఏ సమస్య వస్తే ముందు నన్నే పిలుస్తారు? దేనికోసం నాకు ఇష్టమైనది వదులుకున్నాను? ఎప్పుడు నోరు విప్పి ఎదురు చెప్పాను, ఎప్పుడు చెప్పాల్సి ఉండీ చెప్పలేదు? ఒక వారం పాటు ఈ ప్రశ్నలకి గుర్తొచ్చినవన్నీ రాయండి, చిన్నవనిపించినవి ముందు రాయండి.

హాస్టల్ పిల్లలు ఇక్కడే "మాకేం లేదు" అంటారు. సరే, అనుకుందాం, మీరు గుంటూరులో ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఎంపీసీ చదువుతున్నారు. పొద్దున్నే లేపేస్తారు, రాత్రి స్టడీ అవర్ అయ్యేదాకా వదలరు, ఆదివారం వీక్లీ టెస్టు. ఇందులో ఏముంటుందంటే చాలానే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన రూమ్మేట్‌కి ఫిజిక్స్ ప్రశ్న ఇంగ్లిష్‌లో అర్థం కాకపోతే రోజూ లైట్లు ఆర్పే ముందు చదివి చెప్పింది ఎవరు? కొత్తగా చేరిన అబ్బాయి ఇంటి మీద బెంగతో అన్నం మానేస్తే వార్డెన్‌కి చెప్పి వాళ్లమ్మకి ఫోన్ చేయించింది ఎవరు? ర్యాంకు లిస్టు గోడకు అంటించగానే చివరి పేర్ల దగ్గర నిలబడి నవ్వే గుంపులో మీరున్నారా, లేరా?

ఇంటి పనులు ఇంకా ముఖ్యం, మన పిల్లలు వాటిని అస్సలు లెక్కలోకి తీసుకోరు. ఒంగోల్లో ఇంట్లోనే బ్లౌజులు కుట్టే అమ్మకి ఆది పుస్తకం (కొలతలూ లెక్కలూ ఉండే పుస్తకం) రాసిపెట్టే అమ్మాయిని ఊహించుకోండి. ఎవరి అడ్వాన్సు ఎంత, ఎవరు పండక్కి ముందు అడిగారు, ఫాల్ పికోకి అమ్మ తీసుకునే డబ్బులు దారానికీ కరెంటుకీ కూడా రావట్లేదని ఎనిమిదో తరగతిలోనే లెక్కేసి చెప్పింది ఆ అమ్మాయి. ఒకసారి లైనింగ్ గుడ్డ డబ్బులు రెండుసార్లు పడ్డాయని ఆ పుస్తకంలోనే కనిపెట్టి, కస్టమర్ అడగకముందే వెళ్లి ఇచ్చేసి వచ్చింది. ఇది క్లబ్బు కాదు, అవార్డు కాదు, ఫోటో లేదు. కానీ కామన్ యాప్‌లో యాక్టివిటీల జాబితాకి పది గళ్లు ఉంటాయి, వాటి రకాల్లో కుటుంబ బాధ్యతలు అని విడిగా ఒకటుంది, జీతానికి చేసిన పని అని మరొకటుంది. వాళ్లే అడుగుతున్నారు, మీరు సిగ్గుపడి దాచుకోవడం ఎందుకు?

మూడో మెట్టు: ఏరండి, కొంచెం కఠినంగానే

చిట్టాలో పాతికో ముప్ఫయ్యో వచ్చాయనుకోండి. ఇప్పుడు వాటిని వడకట్టాలి. నేను చూసేవి రెండే: ఒకటి, అది మళ్లీ మళ్లీ జరిగిందా. రెండు, దానివల్ల మీకు ఏమైనా పోయిందా. పుట్టినరోజు నాడు అనాథాశ్రమానికి వెళ్లి పళ్లు పంచి ఫోటో దిగడం మంచి పనే, చేయండి, కానీ ఎస్సేలో పెట్టకండి. ఒక పూట పని అది, పైగా ఆ కథలో ఆ పిల్లలకి పేరుండదు, మాటుండదు, మీ మంచితనానికి బ్యాక్‌గ్రౌండ్‌గా నిలబడి ఉంటారంతే. పదకొండో తరగతి వేసవిలో లోగోతో, వెబ్‌సైట్‌తో పుట్టిన స్వచ్ఛంద సంస్థలదీ ఇదే కథ. అడ్మిషన్ ఆఫీసులో చదివేవాళ్లు అలాంటివి ఏటా చూస్తూనే ఉంటారు, ఫౌండర్ అండ్ సీఈఓ అన్న పదవి వాళ్లని ఏమీ కదిలించదు.

గుళ్లో వాలంటీరింగ్ గురించి చాలామంది అడుగుతారు. రాయొచ్చు, కానీ గుడి గురించి కాదు, మీరు అక్కడ ఏం చేశారో దాని గురించి. ప్రతి ఆదివారం పులిహోర వడ్డించానన్నది హాజరు పట్టీ. వడ్డించే లైన్లో వీల్‌చైర్లో వచ్చే పెద్దావిడకి ప్లేటు అందట్లేదని చూసి టేబుళ్లు మార్చాలని కమిటీ అంకుల్స్‌తో నెల రోజులు వాదించానన్నది కథ.

నాలుగో మెట్టు: ఇప్పుడు జత కలపండి

మిగిలిన నాలుగైదింటిని పట్టుకుని యూనివర్సిటీ విలువల పక్కన పెట్టండి. ఒకే పని వేర్వేరు చోట్ల వేర్వేరుగా పలుకుతుంది. ఆది పుస్తకం అమ్మాయినే తీసుకోండి. టెక్సస్ ఏ అండ్ ఎంకి ఆరు మూల విలువలున్నాయి: శ్రేష్ఠత, నిజాయితీ, నాయకత్వం, విధేయత, గౌరవం, నిస్వార్థ సేవ. అక్కడి గౌరవ నియమావళి, ఆగీ (ఆ యూనివర్సిటీ విద్యార్థి) అన్నవాడు అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగిలించడు, చేసేవాళ్లని సహించడు అంటుంది. డబ్బులు తిరిగిచ్చిన సంగతి అక్కడ సరిగ్గా అతుకుతుంది. ప్రిన్స్‌టన్ ప్రశ్నకైతే అదే అమ్మాయి వేరే కోణం ఎత్తుకోవాలి: ఇంట్లో కుట్టే ఆడవాళ్ల కూలీ ఎందుకు ఎవరి లెక్కలోకీ రాదు, ఆ పుస్తకం తనకు ఆ సంగతి ఎలా చూపించింది అని.

బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకి వెళ్లాలనుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది. న్యాయమైన, సమానమైన, మానవీయమైన, నిలకడైన సమాజం అన్నది వాళ్ల లక్ష్యం, ప్రవేశ పరీక్ష తర్వాత ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు మీ చుట్టూ చూసిన అన్యాయం గురించి మీ సొంత మాటలు లేకపోతే మార్కులు ఎన్నున్నా తడబడతారు.

అన్నిటికంటే మనవాళ్లు తప్పించుకునేది ఒక ప్రశ్న ఉంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. వర్జీనియా టెక్ ఇటీవలి ఏళ్లలో 120 పదాల చొప్పున నాలుగు ప్రశ్నలు అడుగుతూ వచ్చింది (ఈ ఏడాది ఫారంలో ఏముందో మీరే తెరిచి చూసుకోండి, ప్రశ్నలు మారుతుంటాయి): మీకు ముఖ్యమైన సమూహానికి మీరు ఏం చేస్తున్నారు, కష్టంలో ఎలా నిలదొక్కుకున్నారు, మీరు పెట్టుకున్న లక్ష్యం ఏమిటి, ఇంకా మీకో మీకు తెలిసినవాళ్లకో ముఖ్యమైన విషయంలో గొంతు విప్పిన సందర్భం ఏది, మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తారు. ఈ ఆఖరిదానికి అమెరికాలో పెరిగిన మన పిల్లలు దాదాపు అందరూ లంచ్ బాక్స్ కథ రాస్తారు: నా పప్పన్నం వాసన చూసి ఎవరో ముక్కు మూసుకున్నారు, నేను బాధపడ్డాను, తర్వాత గర్వపడటం నేర్చుకున్నాను. నిజంగా జరిగినదే కావచ్చు. కానీ ఆ కథలో మీరు నోరు విప్పింది ఎక్కడ?

దానికంటే మన ఇళ్లలోనే ఎక్కువ సరుకుంది. వేసవి సెలవులకి ఊరెళ్లినప్పుడు పనిచేసే ఆవిడకి వేరే గ్లాసులో టీ ఇవ్వడం చూసి ఉంటారు. అమ్మమ్మని ఎందుకలా అని అడిగారా? అడిగితే ఏమన్నారు? పెళ్లి సంబంధాల మాటల్లో "మనవాళ్లేనా" అని అడుగుతుంటే అందులో మీకు అర్థమైంది ఏమిటి? ఎవరో వేరేవాళ్లు మనకు చేసిన వివక్ష గురించి రాయడం సులువు, మనం ప్రేమించేవాళ్లు ఇంకొకరికి చేసింది చూసి వాళ్లకి ఎదురు చెప్పడం కష్టం, అందుకే దానికి బరువు ఎక్కువ. అమ్మమ్మని విలన్ని చేయమని కాదు. మీరు అడిగితే ఆవిడ కోప్పడి, మర్నాడు ఏమీ మాట్లాడకుండా ఉండి, గ్లాసు మాత్రం మారకపోయి ఉండొచ్చు. అది అలాగే రాయండి. గెలిచిన కథే కావాలని వాళ్లు అడగలేదు. అయితే ఇది అప్లికేషన్ కోసం తయారుచేసే కథ కాకూడదు, మీరు అడగకపోతే అడిగినట్టు రాయకండి; అడగలేకపోయాను, ఇప్పుడైతే అడుగుతాను అన్నది కూడా ఆ ప్రశ్నకి నిజాయితీ ఉన్న జవాబే.

ఐదో మెట్టు: రాయడం

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. హెర్న్‌డన్‌లో ఒక అబ్బాయి అనుకుందాం. తాతయ్య, నానమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉంటారు, అమ్మానాన్న ఇద్దరూ ఆఫీసుకు పోతారు. వాడి మొదటి డ్రాఫ్టు, ఇక్కడ తెలుగులో చెప్తున్నాను, ఇలా ఉంటుంది:

"సేవ నా రక్తంలోనే ఉంది. వసుధైవ కుటుంబకం అని నా సంస్కృతి నాకు నేర్పింది. చిన్నప్పటి నుంచి పెద్దలంటే నాకు ఎనలేని గౌరవం. మా కమ్యూనిటీలో వృద్ధులకు టెక్నాలజీలో సహాయం చేస్తూ వారి జీవితాల్లో వెలుగు నింపాను. ఈ అనుభవం నాకు నాయకత్వం, కరుణ, ఓర్పు నేర్పింది. వర్జీనియా టెక్‌లో ఉట్ ప్రోసిమ్ స్ఫూర్తిని కొనసాగిస్తానని హామీ ఇస్తున్నాను."

పేరు తీసేసి ఇంకో వందమంది పేర్లు పెట్టుకోవచ్చు దీని మీద. ఇందులో ఒక్క మనిషి కూడా కనపడడు. వాణ్ని కూర్చోబెట్టి "వెలుగు నింపావా, సరే, అసలు ఏం చేశావు, మొదటిసారి ఎప్పుడు" అని అడిగితే వచ్చేది ఇది:

"మా ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. ఇంగ్లిష్ మాటలే, తెలుగు అక్షరాల్లో: ఐ యామ్ డయాబెటిక్. ప్లీజ్ కాల్ మై సన్. పార్కులో కళ్లు తిరిగి కూర్చుండిపోయినప్పుడు పలకరించిన ఆవిడకి ఏం చెప్పాలో తాతయ్యకి తెలియలేదు, అందుకని రాశాను. పక్కింటి నానమ్మకి ఒకటి కావాలన్నారు, తర్వాత పార్కు బెంచీ మీద కూర్చునే అందరికీ. శనివారం టెన్నిస్ మానేసి రెండేళ్లుగా ఆ బెంచీ దగ్గరే ఉంటున్నాను. మొదట్లో ఫోన్ లాక్కుని నేనే చేసిచ్చేవాణ్ని. 'నువ్వు చేసేస్తే నాకెప్పుడొస్తుందిరా' అన్నారు ఒకాయన. ఇప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటాను, వాళ్లే నొక్కుతారు. పిల్లల దగ్గరికి వచ్చి పగలంతా ఒంటరిగా ఉండే పెద్దలు బ్లాక్స్‌బర్గ్‌లోనూ ఉంటారు. నేను వాళ్ల పక్కన కూర్చుంటాను."

సేవ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు చూడండి. అయినా ల్యాండ్ గ్రాంట్ భావం మొత్తం ఉంది: తెలిసినదాన్ని అవసరమున్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, వాళ్లు సొంతంగా చేసుకునేలా చేయడం. టెన్నిస్ పోయింది, రెండేళ్లు గడిచింది, మధ్యలో తన పద్ధతే మారింది. ఆ ముసలాయన మాట ఈ ఎస్సేకి ప్రాణం, ఎందుకంటే సాయం చేసేవాడికి సాయం తీసుకునేవాడు పాఠం చెప్పాడు. మీ దగ్గర అలాంటి మాట ఒకటి ఉండే ఉంటుంది. ఎవరో ఏదో అంటే మీరు ఆగిపోయి ఉంటారు. అది వెతకండి.

ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మొదటి డ్రాఫ్టులో పదాలు లెక్కపెట్టకండి. ముందు మూడొందల పదాలు రానివ్వండి, ఆ తర్వాత విశేషణాలు కొట్టేయండి, తర్వాత "నేర్చుకున్నాను" అన్న ప్రతి వాక్యాన్ని కొట్టేసి, నేర్చుకున్నాక మీరు వేరేగా చేసిన పనిని అక్కడ పెట్టండి, అప్పటికే సగానికి దిగుతుంది. తాతయ్యని తాతయ్య అనే రాయొచ్చు. ఆఖరి వాక్యం క్యాంపస్ మీద ఒక పని మీద ఆగితే చాలు, హామీలు వద్దు.

ఆరో మెట్టు: ఎవరి చేత రాయించుకోకూడదు

అమీర్‌పేటలో అడిగితే ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) రాసిపెట్టేవాళ్లు దొరుకుతారు, ఎస్సేలకీ దొరుకుతారు. నిజాయితీ నా ప్రాణం అని డబ్బులిచ్చి రాయించుకోవడంలో ఉన్న కామెడీ మీకు అర్థమయ్యే ఉంటుంది. పైగా కామన్ యాప్ సబ్మిట్ చేసేటప్పుడు ఇది నా సొంత రాత అని సంతకం పెట్టాలి, ఏఐ చేత అసలు విషయం రాయించి సొంతమని ఇవ్వడాన్ని వాళ్ల నియమాలు మోసం కింద లెక్కేస్తాయి. స్పెల్లింగులు దిద్దించుకోండి, వాక్యం అర్థమవుతోందా అని టీచర్‌ని అడగండి, అంతవరకు సరే. బెర్క్‌లీ లాంటి చోట ఎంఎస్, పీహెచ్‌డీకి ఎస్‌ఓపీతోపాటు పర్సనల్ హిస్టరీ స్టేట్‌మెంట్ విడిగా అడుగుతారు, అక్కడ కూడా ఇదే వర్తిస్తుంది. ఎస్‌ఓపీలో రాసిన ప్రాజెక్టులే ఇంకోసారి దించితే ఆ రెండో కాగితం అడిగిన ప్రయోజనమే పోతుంది.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లల ఎస్సే మీరు చదవండి, కానీ గొప్పగా లేదని మార్చకండి. "బెంచీ మీద కూర్చోవడం ఏంటిరా, రోబోటిక్స్ గురించి రాయి" అనేది మీరే. రోబోటిక్స్ యాక్టివిటీల జాబితాలో ఎలాగూ ఉంటుంది. మీ పని వేరే ఉంది: వాడికి గుర్తులేని చిన్నప్పటి సంగతులు, వాడు మామూలే అనుకుని వదిలేసిన ఇంటి పనులు గుర్తుచేయడం. చిట్టా రాసే వారంలో పక్కన కూర్చోండి, డ్రాఫ్టు రాసే వారంలో గదిలోకి వెళ్లకండి.

ఏడో మెట్టు: మిగతా అప్లికేషన్‌తో సరిచూసుకోవడం

ఎస్సేలో శనివారాలు రెండేళ్లు పార్కులో అని రాసి, యాక్టివిటీల జాబితాలో అదే శనివారం మీద మూడు క్లబ్బులు పెడితే చదివేవాళ్లకి లెక్క వచ్చు. ఆ జాబితాలో ఒక్కో పనికి వివరణ 150 అక్షరాలే, అక్కడ కూడా పని రాయండి, పొగడ్త రాయకండి. రికమెండేషన్ ఇచ్చే టీచర్‌కి మీ ఎస్సే సారాంశం ముందే చెప్పండి, వాళ్ల మాటల్లో అదే మనిషి కనిపించాలి. ఇంటర్వ్యూ ఉన్నచోట వాళ్లు వేసే తర్వాతి ప్రశ్న ఏమిటో ఆలోచించుకుని వెళ్లండి, ఎక్కువగా వచ్చేది "ఇప్పుడు ఆ పని ఎవరు చేస్తున్నారు" అన్నదే. మీరు వెళ్లిపోయాక ఆ బెంచీ దగ్గర ఎవరుంటారో మీరు ఇంకా ఆలోచించకపోతే, ఎస్సే పంపే ముందే ఆలోచించండి.

ఇక, ఎంత వెతికినా జత కుదరకపోతే? అన్ని విలువలూ అందరికీ ఉండవు. మీరు ఒంటరిగా కూర్చుని గంటల తరబడి లెక్కలు చేసుకునే మనిషై ఉండొచ్చు, పదిమందిలోకి వెళ్లడం మీ స్వభావం కాకపోవచ్చు. అప్పుడు సేవను తెచ్చిపెట్టుకోకుండా, ఆ యూనివర్సిటీ ప్రశ్నల్లో మీకు దగ్గరైనది ఏదో చూడండి. వర్జీనియా టెక్ అడిగే నాలుగింటిలో లక్ష్యం గురించి అడిగినది మీకు సహజంగా రావచ్చు, సమూహం గురించి అడిగినదానికి మీరు లెక్క చెప్పిపెట్టే ఒక్క తమ్ముడు చాలవచ్చు. అదీ కుదరకపోతే ఆ పేరు లిస్టులోంచి తీసేసి, జిజ్ఞాస గురించి, ఆలోచన గురించి అడిగే యూనివర్సిటీల వైపు చూడండి. అప్లికేషన్ ఫీజు కూడా మిగులుతుంది.